నూజివీడు తోటల్లో ఇంగ్లీషు వాక్యం

ఇంగ్లీషు వాక్యం ఎంత పొడుగ్గా సాగినా, అందులోని విశేషణాలనూ ఉపవాక్యాలనూ ఒక్కొక్కటిగా తీసేస్తూ పోతే చివరికి మిగిలే చట్రాలు కొన్నే. వాటిని మౌలిక వాక్య నిర్మాణాలంటారు. బడిపిల్లల నోట అవి ‘సెంటెన్స్ పాటర్న్స్’. అవి ఎన్ని అన్న దగ్గర పండితుల లెక్కలు కలవలేదు. ఒకరు ఐదన్నారు, ఇంకొకరు ఏడన్నారు, మరొకరు ఇరవై అయిదు దాకా వెళ్లారు. అన్ని లెక్కలకూ ఆధారం మాత్రం ఒక్కటే. వాక్యంలో పెత్తనం కర్తది కాదు, క్రియది. తన పక్కన ఎవరెవరు ఉండాలని క్రియ అడుగుతుందో, వాళ్లతోనే చట్రం ఏర్పడుతుంది.

నూజివీడు లాంటి ఊళ్లో ఈ విషయం పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నతో ముగిసిపోదు. ఒకప్పటి జమీందారీ పట్టణం, మామిడికి పేరుపడ్డ ప్రాంతం, 2022 ఏప్రిల్ వరకు కృష్ణా జిల్లా, ఆ తర్వాత ఏలూరు జిల్లా. రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం 2008లో మొదలైనప్పుడు దాని ప్రాంగణాల్లో ఒకటి ఇక్కడికి వచ్చింది. జనం నోట దాని పేరు ‘ట్రిపుల్ ఐటీ’. పదో తరగతి మార్కుల ఆధారంగా ప్రధానంగా పల్లెటూరి పిల్లలను చేర్చుకుంటారు. మొదటి రెండేళ్లు ఇంటర్ స్థాయి పీయూసీ, తర్వాత నాలుగేళ్లు బీటెక్. పదిహేను, పదహారేళ్ల వయసులో, ఇంటి దగ్గరా బడిలోనూ తెలుగే మాట్లాడుకున్న పిల్లలు ఇక్కడ భౌతికశాస్త్రాన్నీ గణితాన్నీ ఇంగ్లీషులో చదవాలి. అలాంటి పిల్లలకు అక్కరకొచ్చేది వెయ్యి కొత్త మాటల జాబితా కాదు, ఉన్న మాటలను ఏ చోట పెట్టాలో తెలియడం.

చోటు చేసే పని

“వ్యాపారి రైతుకు బయానా ఇచ్చాడు.” ఈ తెలుగు వాక్యాన్ని “రైతుకు వ్యాపారి బయానా ఇచ్చాడు” అన్నా, “బయానా ఇచ్చాడు రైతుకు వ్యాపారి” అన్నా డబ్బు చేరేది రైతు చేతికే. నొక్కి చెప్పేది మారుతుంది గానీ లావాదేవీ మారదు. రైతు వెనక ఉన్న ‘కు’ ఆ సంగతి చూసుకుంటుంది. క్రియ చివరి ‘డు’ చేసినవాడు ఒక మగవాడని చెబుతుంది. ఇక మాటల వరస మాట్లాడేవాడి ఇష్టం.

ఇంగ్లీషులో ఈ వెసులుబాటు లేదు. “ద ట్రేడర్ పెయిడ్ ద ఫార్మర్” అంటే వ్యాపారి రైతుకు డబ్బిచ్చాడు. రెండు నామవాచకాలను అటుదిటు చేసి “ద ఫార్మర్ పెయిడ్ ద ట్రేడర్” అన్నామంటే డబ్బు ఎదురు దిశలో నడుస్తుంది. ఒక్క అక్షరం మారలేదు, ప్రత్యయం చేరలేదు, చోటు మాత్రమే మారింది. క్రియకు ముందున్నది కర్త, వెనకున్నది కర్మ. తెలుగులో విభక్తి చేసే పనిని ఇంగ్లీషులో స్థానం చేస్తుంది.

ఆ భాష పుట్టుకతోనే ఇలా లేదు. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో నామవాచకాలకు విభక్తి ప్రత్యయాలు ఉండేవి, మాటల వరసలోనూ తెలుగుకున్నంత కాకపోయినా కొంత స్వేచ్ఛ ఉండేది. పదాల చివరి అక్షరాల మీద ఊనిక తగ్గి అవి అరిగిపోయాయి. స్కాండినేవియా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లతో కలిసి మెలగడమూ ఈ అరుగుదలను పెంచిందని భాషాచరిత్రకారులు చెబుతారు. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచిన తర్వాత కొన్ని వందల ఏళ్లలో ప్రత్యయాలు దాదాపు మాయమయ్యాయి. ‘హీ, హిమ్’, ‘షీ, హర్’ లాంటి సర్వనామాల్లో మాత్రం ఆ పాత ఆనవాళ్లు మిగిలాయి. ప్రత్యయం పోయిన కొద్దీ స్థానం బిగుసుకుంది.

మన పద్యం చదివే పద్ధతి తెలిసినవారికి ఈ తేడా సులువుగా పట్టుబడుతుంది. పద్యంలో కర్త మూడో పాదంలో, క్రియ మొదటి పాదంలో, కర్మ నాలుగో పాదం చివర ఉండవచ్చు. ‘అన్వయం’ చేసుకుంటే అర్థం కుదురుతుంది. విభక్తులు ఉన్నాయి కాబట్టే అన్వయం సాధ్యం. మాటల నుంచి వాక్యార్థం పుట్టాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కావాలని మన శాస్త్రకారులు చెప్పారు. ఆకాంక్ష అంటే ఒక మాట మరో మాటను కోరడం, సన్నిధి అంటే దగ్గరగా ఉండడం. ఇంగ్లీషు వాక్య నిర్మాణాల సారాన్ని ఈ రెండు మాటల్లో చెప్పేయవచ్చు. క్రియకు ఆకాంక్ష ఎంతో ఆ నిర్మాణం అంత, ఆ ఆకాంక్ష తీరవలసింది మాత్రం నిర్ణీతమైన సన్నిధిలోనే.

ఏడు చట్రాలు

ఇప్పుడు ఎక్కువ మంది వ్యాకర్తలు ఒప్పుకునే ఏడు నిర్మాణాలను మామిడి కాలం మాటల్లోనే చూడవచ్చు.

“మాంగోస్ రైపెన్.” కాయలు పండుతాయి. క్రియ కర్తను తప్ప ఎవరినీ అడగలేదు. ‘కమ్’, ‘స్లీప్’, ‘ఫాల్’, ‘అరైవ్’ లాంటి అకర్మక క్రియలన్నీ ఈ తరగతివి. కర్త, క్రియ, అంతే. “లాస్ట్ నైట్ ఇన్ ద స్టార్మ్” అంటూ ఎన్ని మాటలు తగిలించినా అవి అలంకారాలే, తీసేసినా వాక్యం నిలబడుతుంది.

రెండోది కర్త, క్రియ, పూరకం. “ద ట్రీ ఈజ్ ఓల్డ్.” “దిస్ ఫ్రూట్ టేస్ట్స్ స్వీట్.” ఇక్కడ క్రియ తర్వాత వచ్చేది మరో వస్తువు కాదు, కర్త గురించే చెప్పే మాట. ‘సీమ్’, ‘బికమ్’, ‘లుక్’, ‘స్మెల్’ ఈ కోవలోవే. క్రియ పక్కన ఉంది కదా అని చాలామంది “టేస్ట్స్ స్వీట్లీ” అంటారు. తీపి రుచి చూసే పనికి చెందినది కాదు, కాయది. అందుకే అక్కడ విశేషణమే రావాలి. అదే ‘టేస్ట్’ క్రియ “ద ట్రేడర్ టేస్టెడ్ ద ఫ్రూట్” అన్నప్పుడు మూడో చట్రంలోకి మారిపోతుంది. కర్త, క్రియ, కర్మ. ఇంగ్లీషులో ఎక్కువగా కనబడే చట్రం ఇదే, బడిలో ‘ఎస్ వి ఓ’ అని అందరికీ ముందు నోటికొచ్చేదీ ఇదే. “ఫార్మర్స్ గ్రో రసాలు”, “ఫ్యాక్టరీస్ బై కలెక్టర్ కాయలు” అని సగం తెలుగు కలిపినా నిర్మాణం చెడదు.

ఇక్కడ కాస్త ఆగి చూడదగిన సంగతి ఒకటి ఉంది. “కొమ్మ విరిగింది”, “గాలి కొమ్మను విరిచింది.” తెలుగు రెండు పనులకు రెండు రూపాలు వాడుతుంది. విరుగు, విరుచు. తెగు, తెంచు. పండు, పండించు. మాగు, మాగబెట్టు. ఇంగ్లీషు ‘బ్రేక్’ రూపం మార్చుకోదు. “ద బ్రాంచ్ బ్రోక్”, “ద విండ్ బ్రోక్ ద బ్రాంచ్.” మొదటిది ఒకటో చట్రం, రెండోది మూడో చట్రం. తెలుగు క్రియ లోపల జరిగే మార్పు ఇంగ్లీషులో క్రియ బయట, చుట్టూ ఉన్న చోట్లలో జరుగుతుంది. ‘రైపెన్’, ‘ఓపెన్’, ‘మూవ్’, ‘బాయిల్’, ‘గ్రో’ అన్నీ ఇలాగే రెండు చట్రాల్లోనూ తిరుగుతాయి.

నాలుగోది ఇచ్చిపుచ్చుకోవడాల చట్రం. “ద ట్రేడర్ గేవ్ ద ఫార్మర్ ఎన్ అడ్వాన్స్.” రెండు కర్మలు, ముందు పుచ్చుకునేవాడు, వెనక వస్తువు. నూజివీడు తోటల్లో పూత చూసి బేరం కుదుర్చుకునే వ్యాపారి బయానా ఇచ్చే వాక్యం ఇదే. దీన్ని “గేవ్ ఎన్ అడ్వాన్స్ టు ద ఫార్మర్” అని తిప్పవచ్చు. ఐతే ‘గివ్’, ‘సెండ్’, ‘టెల్’, ‘షో’ లాంటి క్రియలు రెండు దారుల్లోనూ నడుస్తాయి గానీ, ‘ఎక్స్‌ప్లెయిన్’, ‘సజెస్ట్’, ‘డిస్క్రైబ్’ రెండో దారిలోనే నడుస్తాయి. మొత్తం మీద చూస్తే ఇంగ్లీషు సొంత క్రియలు, పొట్టివి, రెండు కర్మలను ఒప్పుకుంటాయి. లాటిన్, ఫ్రెంచి మూలం నుంచి వచ్చిన పొడుగు క్రియలు ఒప్పుకోవు. ‘ప్రామిస్’ లాంటి మినహాయింపులు ఉన్నా, “ఎక్స్‌ప్లెయిన్ మి ద లెసన్” ఎందుకు తప్పో అర్థం చేసుకోవడానికి ఈ కొండగుర్తు చాలు.

ఐదోది కర్త, క్రియ, కర్మ, కర్మకు పూరకం. “ద రెయిన్ మేడ్ ద ఫార్మర్స్ యాంక్షస్.” పూత మీద వాన పడితే ఏ రైతుకైనా ఇదే వాక్యం. ‘యాంక్షస్’ రైతుల గురించి చెబుతోంది, వాన గురించి కాదు.

మిగిలిన రెండిటికీ ‘ఎక్కడ’ అనే సమాచారం లేకపోతే కుదరదు. “నూజివీడు ఈజ్ ఇన్ ఏలూరు డిస్ట్రిక్ట్” అన్న వాక్యంలో జిల్లా మాట తీసేస్తే “నూజివీడు ఈజ్” అని మొండెం మిగులుతుంది. “దే పుట్ ద ఫ్రూట్ ఇన్ స్ట్రా” అన్న చోట వరిగడ్డి తీసేస్తే ‘పుట్’ క్రియ ఆకాంక్ష తీరదు. తెలుగులో “కాయలు పెట్టావా?” “పెట్టాను” అంటే చాలు. ఎక్కడన్నది ఇద్దరికీ తెలుసు. ఇంగ్లీషు ‘పుట్’ ఇద్దరికీ తెలిసినదాన్ని కూడా పైకి చెప్పించుకుంటుంది.

ప్రశ్నలు, వ్యతిరేక వాక్యాలు, కర్మణి వాక్యాలు వేరే చట్రాలు కావు, ఇవే రూపం మార్చుకుంటాయి. కర్మ ఉన్న వాక్యమే కర్మణిగా మారగలదు. రెండు కర్మలున్నది రెండు విధాల మారుతుంది. “ద ఫార్మర్ వాజ్ గివెన్ ఎన్ అడ్వాన్స్”, “ఎన్ అడ్వాన్స్ వాజ్ గివెన్ టు ద ఫార్మర్.” ఇంగ్లీషుకు ఇది సహజం. దీన్ని అచ్చంగా దించుకోబోయే మన ప్రభుత్వ ప్రకటనలు ‘ఇవ్వబడినది’, ‘తెలియజేయబడుచున్నది’ అంటూ తెలుగును హింసిస్తున్నాయి.

ఒకే మాటల వరసకు రెండు చట్రాలు పట్టే సందర్భాలూ ఉంటాయి. “కాల్ మి ఎ ట్యాక్సీ” అన్న పాత ఇంగ్లీషు హాస్యం ఇలాంటిదే. నాకో ట్యాక్సీ పిలవమని ఒకరంటే, ‘సరే, ఇకనుంచి మీ పేరు ట్యాక్సీ’ అంటాడు రెండోవాడు. మొదటి అర్థంలో అది నాలుగో చట్రం, రెండో అర్థంలో ఐదో చట్రం. ఈ హాస్యం తెలుగులో పండదు. “నాకు ట్యాక్సీ పిలువు” వేరు, “నన్ను ట్యాక్సీ అని పిలువు” వేరు. ‘కు’, ‘ను’, ‘అని’ ముగ్గురూ కాపలా ఉన్నారు.

లెక్క పెట్టినవాళ్లు

ఐదు నిర్మాణాల లెక్కకు పేరు తెచ్చినవాడు చార్లెస్ టాల్బట్ ఆనియన్స్. ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువు సంపాదకుల్లో నాలుగోవాడు. 1904లో వచ్చిన తన ఉన్నత వాక్యనిర్మాణ గ్రంథంలో ఆఖ్యాతాన్ని ఐదు రూపాలుగా విడగొట్టాడు. పై ఏడింటిలో చివరి రెండూ అందులో లేవు. ఆ లెక్క ఇంగ్లండులో కంటే జపానులో ఎక్కువ నాటుకుంది. హొసోయె ఇత్సుకి 1917లో రాసిన ఇంగ్లీషు వ్యాకరణం ద్వారా అక్కడి బడుల్లోకి వెళ్లింది. ఈనాటికీ జపాను పిల్లలు ‘ఐదు వాక్య నమూనాలు’ వల్లె వేస్తూనే ఉన్నారు.

జపాను ఇక్కడ యాదృచ్ఛికంగా రాలేదు. హెరాల్డ్ పామర్ 1922లో టోక్యో వెళ్లి, మరుసటి ఏడాది ఇంగ్లీషు బోధన పరిశోధన సంస్థ నెలకొల్పాడు. ఆల్బర్ట్ సిడ్నీ హార్న్‌బీ 1924లో క్యూషూ ద్వీపంలో ఇంగ్లీషు పాఠాలు చెప్పడానికి వెళ్లి, తర్వాత పామర్‌తో కలిశాడు. అక్కడి విద్యార్థుల భాషలో క్రియ వాక్యం చివర ఉంటుంది, విభక్తులు నామవాచకం వెనక వస్తాయి. అంటే వాక్యం వరసలో జపనీసు ఇంచుమించు తెలుగు లాంటిదే. ‘ఏ క్రియ తర్వాత ఏమి రావాలి’ అన్న ప్రశ్న ఇంగ్లీషువాడికి పుట్టదు, అతనికది ఊపిరి. క్రియ దగ్గర వాక్యం ముగించే అలవాటున్న విద్యార్థులకే పుడుతుంది. ఆ విద్యార్థుల కోసమే హార్న్‌బీ క్రియలను వాటి తోడుమాటలతో సహా వర్గీకరించి, ఇరవై అయిదు క్రియా నమూనాలు తేల్చాడు. గేటెన్‌బీ, వేక్‌ఫీల్డ్‌లతో కలిసి ఆ నమూనాలు చేర్చి చేసిన నిఘంటువు 1942లో, యుద్ధం మధ్యలో, టోక్యోలో అచ్చయింది. 1948లో ఆక్స్‌ఫర్డ్ ప్రెస్ దాన్ని తిరిగి వేసింది. మన కాలేజీ పిల్లల బల్లల మీద కనిపించే ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీకి అదే మూలం. 1954లో ఆయన నమూనాల మీద విడిగా పుస్తకం కూడా రాశాడు.

ఏడు నిర్మాణాల లెక్క రాండాల్ఫ్ క్వర్క్, సిడ్నీ గ్రీన్‌బామ్, జెఫ్రీ లీచ్, యాన్ స్వార్ట్‌విక్‌లది. 1972, 1985లలో వచ్చిన వారి బృహద్వ్యాకరణాల తర్వాత ఇదే ప్రామాణికమైంది. అంతకు ముందే 1957లో భాషాశాస్త్రవేత్త చామ్‌స్కీ బీజవాక్యాల నుంచి మిగిలిన వాక్యాలను పుట్టించే పద్ధతి చూపాడు. 1959లో అచ్చయిన గ్రంథంలో ఫ్రెంచి పండితుడు తెన్యేర్ రసాయనశాస్త్రం నుంచి సంయోజకత అన్న భావనను అరువు తెచ్చి, ఒక్కో క్రియకు ఎన్ని ‘బంధాలో’ లెక్కగట్టాడు. మన ఆకాంక్షకు అది దగ్గరి చుట్టం. ఐదు సరైనదా, ఏడు సరైనదా అన్న వాదులాటలో పెద్ద పస లేదు. నేర్చుకునేవాడికి ఏడు సరిపోతాయి. నిఘంటువు రాసేవాడికి ఇరవై అయిదు కూడా చాలవు.

ఈ కథలో తెలుగునేలకూ ఒక పాత్ర ఉంది. భారతదేశంలో తరాల తరబడి చలామణీ అయిన రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం 1930లలో మొదటిసారి వచ్చింది. అందులో పదవిభాగాలు, నిర్వచనాలు, దిద్దుబాట్లు దండిగా ఉండేవి గానీ క్రియా నమూనాల చర్చ లేదు. తర్వాతి రోజుల్లో దాన్ని పరిష్కరించి, నిర్మాణాల మీద కొత్త అధ్యాయాలు చేర్చినవారు ఎన్.డి.వి. ప్రసాదరావు. ఆ పరిష్కరణ ముందుమాట కింద ఉన్న ఊరి పేరు తెనాలి. టోక్యోలో మొలకెత్తిన ఆలోచన దేశంలోని లక్షల మంది బడిపిల్లల చేతుల్లోకి చేరిన దారుల్లో ఒకటి నూజివీడుకు అంత దూరం కాని తెనాలి మీదుగా వెళ్లింది.

తెలుగువాడు తడబడే చోట్లు

ఇంగ్లీషులో క్రియ మధ్యలో, తెలుగులో చివర, అదే అసలు చిక్కు అని అందరూ అనుకుంటారు. నిజానికి అది చాలా తొందరగా అలవాటయ్యే తేడా. “ఐ మాంగో ఈట్” అనే పిల్లవాడు అరుదు. అసలు ఇబ్బందులు వేరే చోట ఉన్నాయి.

మొదటిది, తెలుగుకు క్రియ లేకుండా వాక్యం చెప్పడం చేతనవును. “మా నాన్న రైతు.” “ఇది చిన్న రసం, అది బంగినపల్లి.” చేకూరి రామారావు 1975లో వెలువరించిన ‘తెలుగు వాక్యం’లో ఈ క్రియారహిత వాక్యాలను ప్రత్యేకంగా పరిశీలించారు. భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ కలిసి 1985లో ప్రచురించిన ఆధునిక తెలుగు వ్యాకరణంలోనూ వీటికి చోటుంది. ఇంగ్లీషు ఏడు చట్రాల్లో క్రియ లేనిది ఒక్కటీ లేదు. అందుకే “మై ఫాదర్ ఫార్మర్” అన్న వాక్యం పుడుతుంది. దాన్ని దిద్ది ‘ఈజ్’, ‘యామ్’ అలవాటు చేశాక కొందరు పిల్లలు అతిజాగ్రత్తతో “ఐ యామ్ అగ్రీ” అని అక్కర్లేని చోటా పెడతారు. ఒకే లోపానికి ఇవి రెండు ముఖాలు. వాక్యానికి ఒక క్రియ కావాలి, ఉన్నచోట ఇంకొకటి వద్దు.

రెండోది, ‘నాకు’తో మొదలయ్యే మన వాక్యాలు. నాకు ఆకలేస్తోంది. నాకు ఆ సంగతి తెలుసు. నాకు ఇద్దరు తమ్ముళ్లు. మాకు పదెకరాల తోట ఉంది. నాకు జ్వరం వచ్చింది. తెలుగు వీటిలో మనిషిని కర్త కుర్చీలో కూర్చోబెట్టదు. ఆకలి, తెలివిడి, జ్వరం అతని దగ్గరికి వస్తాయి. ఇంగ్లీషు అతన్ని లాక్కొచ్చి క్రియకు ముందు నిలబెడుతుంది. “ఐ యామ్ హంగ్రీ”, “ఐ నో”, “ఐ హావ్ టు బ్రదర్స్”, “వి హావ్ టెన్ ఏకర్స్”, “ఐ హావ్ ఎ ఫీవర్.” తెలుగులో ఒకే అచ్చులో పోసినట్లున్న ఈ వాక్యాలు ఇంగ్లీషులో రెండు మూడు చట్రాల్లో సర్దుకున్నాయి. “ఐ యామ్ హావింగ్ టు బ్రదర్స్” అన్న ప్రసిద్ధ భారతీయ వాక్యంలో మాత్రం చట్రానికి వచ్చిన లోటు లేదు. తప్పల్లా కాలరూపంలోనే ఉంది.

మూడోది, ఉత్తుత్తి కర్త. మే నెల మధ్యాహ్నం నూజివీడులో “ఉక్కపోస్తోంది” అంటే నిండు వాక్యం. ఎవరు పోస్తున్నారని ఎవరూ అడగరు. ఇంగ్లీషులో ఆ కుర్చీ ఖాళీగా ఉండకూడదు. ఎవరూ లేకపోతే ‘ఇట్’ వచ్చి కూర్చుంటుంది. “ఇట్ ఈజ్ సల్ట్రీ”, “ఇట్ ఈజ్ రెయినింగ్.” వస్తువు ఉనికి చెప్పాలంటే ‘దేర్’ వస్తుంది. “దేర్ ఈజ్ ఎ వెల్ ఇన్ ద ఆర్చర్డ్.” ఈ ‘ఇట్’కూ ‘దేర్’కూ అర్థం వెతికితే దొరకదు. అవి చోటు నింపడానికి ఉన్నాయి. చోటే వ్యాకరణమైన భాషలో చోటు నింపడమూ ఒక పనే.

నాలుగోది, మనం మింగేసే కర్మలు. “కాయ నచ్చిందా?” “నచ్చింది.” “తెస్తావా?” “తెస్తా.” తెలిసినదాన్ని మళ్లీ చెప్పకపోవడం తెలుగుకు మర్యాద. “డు యు లైక్ ఇట్?” అని అడిగితే “ఐ లైక్” అని ఆపకూడదు, “ఐ లైక్ ఇట్” అనాలి. “వి ఎంజాయ్డ్ ఎ లాట్” కూడా ఈ జాతిదే. దానికి ‘అవర్సెల్వ్స్’ గానీ, దేన్ని ఆస్వాదించారో ఆ మాట గానీ తోడు కావాలి. దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచే తప్పు “డిస్కస్ అబౌట్”. తోట గురించి మాట్లాడుకున్నాం కాబట్టి ‘గురించి’కి ‘అబౌట్’ పెట్టేస్తారు. ‘డిస్కస్’ మాత్రం మూడో చట్రం క్రియ, కర్మను నేరుగా పక్కన కూర్చోబెట్టుకుంటుంది. “హీ టోల్డ్ దట్” అనడం మరొకటి. ‘టెల్’ ఎవరికి చెప్పాడో కూడా అడుగుతుంది, ‘సే’ అడగదు.

ఈ తప్పులన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేలుతుంది. వీటిలో పదజాలం కొరత లేదు, తెలివితక్కువతనం అంతకన్నా లేదు. ప్రతి తప్పు వెనకా ఒక నిక్కమైన తెలుగు నియమం ఉంది. ఆ నియమాన్ని చూపించకుండా ఎర్ర సిరాతో గీత గీసే దిద్దుబాటు వృథా శ్రమ.

పెద్ద వాక్యాల దగ్గర మరో తేడా బయటపడుతుంది. “నిన్న మార్కెట్లో కొన్న కాయలు” అన్న మాటలో వివరణంతా ‘కాయలు’కు ముందు వచ్చింది. ఇంగ్లీషులో “ద మాంగోస్ దట్ వి బాట్ ఇన్ ద మార్కెట్ యెస్టర్డే” అని కాయలు ముందు వచ్చి వివరణ వెనక నడుస్తుంది. ‘తోటలో’ అన్నప్పుడు ‘లో’ వెనక ఉంటే, ‘ఇన్ ద ఆర్చర్డ్’ అన్నప్పుడు ‘ఇన్’ ముందుంది. ఇది వట్టి కాకతాళీయం కాదు. క్రియ చివర ఉండే భాషల్లో విభక్తులు సాధారణంగా నామవాచకం వెనకే వస్తాయని జోసెఫ్ గ్రీన్‌బర్గ్ 1963లో పలు ఖండాల భాషలను పోల్చి చూపాడు. తెలుగు, ఇంగ్లీషు వాక్యాలు ఒకదానికొకటి అద్దంలో బొమ్మలు కావడానికి కారణం ఇదే.

తరగతి గదిలో

స్వాతంత్ర్యం తర్వాత దక్షిణాదిలో ఇంగ్లీషు బోధనను ఈ చట్రాలే కొన్నాళ్లు ఏలాయి. 1958లో హైదరాబాదులో కేంద్ర ఆంగ్ల సంస్థ ఏర్పడింది. అదే తర్వాత సీఫెల్, 2007 నుంచి ఇఫ్లూ. ఆ రోజుల్లో ఉపాధ్యాయులకు నిర్మాణ పద్ధతిలో తర్ఫీదు ఇచ్చేవారు. పాఠ్యపుస్తకంలో నిర్మాణాలు సులువైనవి ముందు, కష్టమైనవి వెనక వరసగా పేర్చేవారు. నల్లబల్ల మీద నిలువు గడులు గీసి, ఒక్కో గడిలో కర్తలు, క్రియలు, కర్మలు రాసి, అడ్డంగా కలుపుకుంటూ డజన్ల కొద్దీ వాక్యాలు చెప్పించేవారు. పామర్ 1916లోనే ప్రచారంలోకి తెచ్చిన ప్రతిక్షేపణ పట్టికలివి. పిల్లలు తప్పులు లేకుండా చెప్పేవారు. గడి బయటికి వచ్చి సొంతంగా ఒక మాట మాట్లాడమంటే నోరు పెగలేది కాదు.

ఈ లోటును సూటిగా ఎత్తిచూపినవారు ఎన్.ఎస్. ప్రభు. 1979 నుంచి 1984 వరకు దక్షిణ భారతదేశంలోని కొన్ని బడుల్లో ఆయన నడిపిన ప్రయోగం బెంగళూరు ప్రాజెక్టుగా ప్రసిద్ధి. వాక్య నిర్మాణాలు నేర్పకుండా, పటం చూసి దారి చెప్పడం, రైల్వే టైంటేబుల్ చదివి లెక్క తేల్చడం లాంటి పనులు ఇచ్చి, అర్థం మీద ధ్యాస ఉంటే నిర్మాణం తనంతట తాను పట్టుబడుతుందని వాదించారు. ఆ ప్రయోగం ప్రపంచమంతటా ఇంగ్లీషు బోధన పుస్తకాల్లోకి ఎక్కింది. ఐతే చుట్టూ ఇంగ్లీషు వినబడని పల్లెలో, పని ద్వారా పట్టుబడేంత ఇంగ్లీషు ఎక్కడి నుంచి వస్తుందన్నది న్యాయమైన ప్రశ్నే. చట్రాన్ని ఒకసారి విప్పి చూపడం, ఆ వెంటనే దానితో నిజమైన పని చేయించడం రెండూ కలిసి ఉండాలి. విడగొట్టిన ప్రతిసారీ నష్టపోయింది తెలుగు మీడియం పిల్లలే.

ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు దీనికి అనుకోని వనరు ఒకటి చేతికొచ్చింది. 2020 తర్వాత ప్రభుత్వ బడుల పాఠ్యపుస్తకాలను రెండు భాషల్లో ముద్రిస్తున్నారు. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో అదే పాఠం ఇంగ్లీషులో. మాధ్యమం ఏది ఉండాలన్న రాజకీయ వివాదం పక్కన పెడితే, వాక్య నిర్మాణం నేర్పడానికి ఇంతకంటే మంచి సాధనం లేదు. సామాన్యశాస్త్రం పాఠంలో ఒక తెలుగు వాక్యం కింద గీత గీసి, ఎదురు పేజీలో దాని క్రియ ఎక్కడికి జరిగిందో, ‘కు’, ‘లో’ ఏమయ్యాయో, తెలుగులో లేని ‘ఇట్’ ఎక్కడి నుంచి వచ్చిందో పిల్లల చేతనే వెతికించవచ్చు. ఆ పని వ్యాకరణం పీరియడు దాకా ఆగనక్కర్లేదు, సైన్సు మాస్టారూ చేయించవచ్చు.

ఇంగ్లీషు నేర్చుకుంటున్నవారికి ఒక మాట. నోటుబుక్కులో ‘సజెస్ట్ అంటే సూచించు’ అని రాసుకుంటే సగమే రాసుకున్నట్టు. “సజెస్ట్ సమ్‌థింగ్ టు సమ్‌బడీ” అని క్రియను దాని తోడుమాటలతో సహా రాసుకోవాలి. ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీ ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఏ క్రియ తెరిచినా అర్థంతో పాటు దాని నమూనా కనబడుతుంది. అర్థం దగ్గరే ఆగిపోకుండా ఆ నమూనాను కూడా చూడండి.